గృహ ప్రసంగములు: బట్టల అరలోని ద్రాక్షకూజా



గడచిన మాసమున నాకు వచ్చిన యుత్తరములలో నొకటి నన్ను మిక్కిలి యాలోచింపజేసినది. గోదావరి తీరముననుండు నొక పెద్ద యిల్లాలు దానిని వ్రాసిరి. వారి కుమారుడును కోడలును అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రమున రెండుగదుల అపార్టుమెంటులో కాపురముండి యుద్యోగములు చేసికొనుచున్నారట. మనుమనికి మూడేండ్లు. సంక్రాంతినాడు కోడలు ఫోనులో ఇల్లంతయు జూపుచు, పిల్లవాని క్రొత్తచొక్కా చూపుటకై బట్టల అర తలుపు తీయగా, అడుగున నొక పెద్ద గాజుకూజాయు, దాని మూతికి వంకరగొట్టమును, ఆ గొట్టములో బుడబుడ లేచు బుడగలును ఈమె కంటబడినవి. "అదేమమ్మా?" యని యడుగగా ఆ పిల్ల దాచక, "ద్రాక్షరసము పులియబెట్టితిని అత్తయ్యా! వైను అగును" అని చెప్పినదట.

ఉత్తరములోని తక్కిన భాగము నిట సంగ్రహించుచున్నాను. ఈమె తమ్ముడొకడు త్రాగుడుచేత ముప్పదియెనిమిదవ యేట మరణించెను. నాటినుండి ఆ యింట సారాయి మాటయే నిషిద్ధము. మేనమామ గుండెజబ్బుతో పోయెనని పిల్లలకు చెప్పిరి. వారు నేటికిని అదియే నమ్మియున్నారు. "ఇప్పుడు నా కొడుకింటనే అది తయారగుచున్నది. మావారికి చెప్పితినా, కొడుకుతో మాటలు మానుదురు. చెప్పకుందునా, నాకు నిద్ర రాదు. ఆ కూజా ప్రేలునందురు. అందులో విషము పుట్టి కన్నులు పోవునందురు. నిజమేనా? నేనేమి చేయవలెను?" అని ప్రశ్న.

ఈ యుత్తరము మూడేండ్లక్రింద వచ్చియుండినచో, "వెంటనే పారబోయించుడు" అని ఒక్క పంక్తిలో జవాబు వ్రాసి నా పని తీర్చుకొనియుందును. కాని నడుమ నేను మా పెద్దమ్మాయి యొద్ద ఎడిసను పట్టణమున ఆరునెలలు ఉండివచ్చితిని. అదియు న్యూజెర్సీయే. ఆ యింటను అట్టి కూజాయే యుండెను. నేను వైను త్రాగినదానను గాను, ఇక త్రాగబోను. అయినను ఇంటిలో నేదో పులియుచుండగా తెలుగు ఆడది చేతులు ముడుచుకొని కూర్చుండగలదా? మూడవనాటికి కూజా నా పాలబడినది. కనుక ఈ జవాబు విన్నది గాదు, చూచినది.

మొదట ఆ కూజాలో జరుగునదేమో చెప్పెదను. మన దోసెలపిండి రాత్రి పొంగి గిన్నె దాటుటయు, తరవాణికుండ పులియుటయు, తాటికల్లు ప్రొద్దెక్కినకొలది ఘాటగుటయు, ఈ ద్రాక్షకూజాయు అన్నియు దాయాదులే. పిండిలోను తరవాణిలోను ముఖ్యముగా పులుపు పుట్టించు సూక్ష్మజీవులు పనిచేయును. ద్రాక్షరసములో ఈస్టు పనిచేయును. అది కంటికి గానరాని ఒంటికణపు శిలీంధ్రము. చక్కెరను తిని రెండు పదార్థములను విడుచును. ఒకటి మద్యసారము, రెండవది బొగ్గుపులుసు గాలి. ఇది ప్రాణముగల ఈస్టు చేయు కార్యమని ఫ్రెంచిదేశపు లూయీ పాశ్చరు పండితుడు నిరూపించెను. పిమ్మట 1897లో జర్మనీదేశపు ఎడ్వర్డు బుఖ్నరు ఈస్టును నూరి పిండిన రసముతోనే, బ్రతికిన కణములు లేకయే, చక్కెరను పులియింపవచ్చునని చూపెను. అందుకాయనకు 1907లో నోబెలు బహుమానము లభించినది. మన వైద్యులు మాత్రము ఈ పరిశోధనలకు ఎన్నియో శతాబ్దములకు పూర్వమే కషాయము కాచి పులియబెట్టినదానిని అరిష్టమనియు, కాచక పులియబెట్టినదానిని ఆసవమనియు పేరిడి వాడుచుండిరి. ద్రాక్షాసవమును చెంచాతో కొలిచి త్రాగిన పెద్దలు మన యిండ్లలో లేకపోలేదు. అందు ధాతకీపుష్పములు వేయుట పులియుటకొరకే. ఆ సీసాలోను మద్యసారము గలదని తెలిసినచో మా అమ్మమ్మ ఏమనియుండునో!

ఇక చేయు పద్ధతి. ద్రాక్షపండ్లు కొని కాళ్లతో త్రొక్కుట చిన్న ఇంటిలో జరుగు పనికాదు. వారందరు అంగడిలో దొరకు సీసారసమునే వాడుదురు. ఇందొక వేడుక గలదు. కాంకర్డు ద్రాక్షరసమును పులియకుండ వేడిచేసి సీసాలలో నిలువచేయు పద్ధతిని 1869లో థామసు వెల్చి యను దంతవైద్యుడు కనిపెట్టెను. ఆయన యుండిన వైన్‌లాండు ఊరు ఆ న్యూజెర్సీలోనిదే. తమ దేవాలయపు ఆరాధనలో వైనునకు మారుగా పులియని రసము వాడవలెనని ఆయన పట్టుదల. వైను కాకుండుటకై పుట్టిన ఆ రసమునే నేడు అదే రాష్ట్రమున మన పిల్లలు వైనుగా మార్చుచున్నారు.

సీసామీది అక్షరములను చదివి కొనవలెను. పొటాషియము సార్బేటు గాని సోడియము బెంజోయేటు గాని కలిపినదైనచో ఈస్టు అందులో పెరుగదు. ఒక గ్యాలను కూజా, అనగా 3.8 లీటర్లు పట్టునది, మూడున్నర లీటర్ల రసముతో నింపవలెను. సీసారసములో లీటరునకు ఇంచుమించు 150 గ్రాముల చక్కెర స్వతస్సిద్ధముగా నుండును. లీటరునకు 17 గ్రాముల చక్కెర పులిసినచో నూటికొక పాలు మద్యసారమగునని లెక్క. కనుక లీటరునకు మరి 50 గ్రాములు కలిపినచో నూటికి పదునొకటి, పండ్రెండు పాళ్లకు వచ్చును. రొట్టెలకు వాడు ఈస్టు పనిచేయకపోదు గాని రుచి రొట్టెవాసన గొట్టును. వైనుకొరకు ప్రత్యేకమగు ఈస్టు చిన్న పొట్లములలో అమ్ముదురు. అయిదు గ్రాముల పొట్లములో సగము చాలును. గది 20 మొదలు 24 డిగ్రీలవరకు వేడిగా నుండుట మేలు. శీతకాలమున ఆ దేశపు ఇండ్లలో వెచ్చదనము యంత్రములచే సమముగా నుండును గనుక ఇది సులభము. మన వేసవిలో ఈస్టు వేడికి సొమ్మసిల్లిపోవును.

ఒకనాటికి బుడగలు మొదలగును. వారముదినములు ఉధృతముగా నుండి, రెండుమూడు వారములకు సద్దణగును. అడుగున మడ్డి పేరుకొనును. పైతేటను రబ్బరు గొట్టముతో వేరొక కూజాలోనికి దింపవలెను. నెలకొకసారి ఇట్లు రెండు పర్యాయములు చేసినచో, రెండుమూడు నెలలకు రసము అద్దమువలె తేరును. ఆవకాయజాడీ విషయమున మనకుండు మడియంతయు ఇక్కడను గావలెను. కూజా, గొట్టము, గరిటె అన్నియు కడిగి శుద్ధిచేయవలెను. వారు ఇందులకై గంధకపు ఉప్పుల బిళ్లలను నీటిలో కలిపి వాడుదురు. ఉబ్బసముగలవారు ఆ బిళ్లలకు దూరముగా నుండవలెను. మా అమ్మాయి రెండవ కూజాను సగము ఖాళీగా వదలివేసినది. పులియుట యాగినపిమ్మట ఖాళీలోని గాలి తగిలి అదంతయు వెనిగరైపోయినది. నేను దానితో ఉల్లిపాయలు ఊరవేసితిని. పండ్ల యీగలు మాత్రము నెలరోజులు మమ్ములను వదలలేదు.

మా అల్లుడు చేసిన తప్పొకటి చెప్పవలెను. రసము వ్యర్థముగాకూడదని మొదటిసారి కూజాను మెడవరకు నింపెను. రెండవరాత్రి నురుగు పొంగి గొట్టములో దూరి, అది పూడుకొనిపోయి, తెల్లవారుజామున బిరడా యెగిరి కప్పునకు తగిలినది. నేను భూకంపమనుకొంటిని. ద్రాక్షరంగు పరచియున్న తివాచీమీద చేటంత మరక గట్టెను. ఉప్పు వేసితిమి, సబ్బు వేసితిమి, పోలేదు. వారు ఆ యిల్లు ఖాళీచేసినపుడు యజమానులు బయానాలో కొంత విరుచుకొనిరి. అది న్యాయమే గదా! అద్దె యొడంబడికలో ఇట్టి పనులను గూర్చి యేమి వ్రాసియున్నదో ముందుగా చదువుకొనవలెనని మా అల్లునకు అప్పుడు తోచెను.

కనుక కూజా ప్రేలునా యను ప్రశ్నకు జవాబిది: బిగించి మూసినచో ప్రేలును. ఆ మూడున్నర లీటర్లలోని చక్కెరయంతయు పులియుసరికి 180 లీటర్లకు మించిన గాలి పుట్టును. దానికి దారి యుండవలెను. కోడలు పెట్టిన వంకరగొట్టము అందుకే. అందులోని నీరు లోపలి గాలిని పోనిచ్చును, వెలుపలి గాలిని రానీయదు. బుడగలు గానవచ్చినవని మీరు భయపడితిరి గాని, బుడగలు ఆగి మూతి బిగిసియుండినప్పుడే భయపడవలెను. ప్రమాదము ఎక్కువగా సీసాలలో నింపునపుడు వచ్చును. పులియుట ముగియకమునుపు తొందరపడి సీసాలలో పోసి బిరడాలు బిగించినచో, గాజు పగిలి ముక్కలు కత్తులవలె లేచును. ముగిసినదో లేదో నాలుకతో తెలియదు. హైడ్రామీటరని ఒక గాజుపుల్ల గలదు. అది రసములో తేలియాడుచు మొదట 1.080 దరిదాపున చూపును. చివరకు 1.000 కంటె దిగువకు దిగి కొన్నిదినములు కదలక నిలిచినచో ముగిసినట్లు. ఇది లేని యింట సీసాలు నింపరాదు.

ఆ గాలివలన ఊపిరాడదేమోయని కొందరడుగుదురు. వేలకొలది లీటర్ల తొట్లుగల కర్మాగారములలో దానివలన మనుష్యులు చనిపోవుట నిజమే. ఒక్క కూజా పుట్టించు గాలి పదియడుగుల గదిలో నూటికొకపాలైనను గాదు, అదియు రెండువారములలో మెల్లగా వచ్చునది. అయినను అది సాధారణపు గాలికంటె బరువు; మూసిన అరలో అడుగున నిలుచును. మూడేండ్ల పిల్లవాడు దాగుడుమూతలాడు అర యది. తలుపు ఓరగా తీసియుంచవలెను. అంతకన్న మేలు, కూజాను అక్కడనుండి తీసివేయుట.

కన్నులు పోవుననుటకు మూలము వేరు. కన్నులు తీయునది మిథైలు ఆల్కహాలు. పండ్లతొక్కలోని ఒక పదార్థమునుండి అది వైనులో నెప్పుడును లవలేశము పుట్టును. ద్రాక్షరసమును ఊరక పులియబెట్టినంతమాత్రమున అపాయకరమగునంత పుట్టదు. మనదేశమున కల్తీసారా త్రాగి ఊళ్లకూళ్లు గుడ్డివారైన సంఘటనలలో కర్మాగారములలో వాడు మిథైలు ఆల్కహాలును దురాశాపరులు కలుపుటయే సాధారణముగా కారణము. అయితే పులిసినదానిని ఇంటిలో కాచి బట్టీపెట్టుటకు మాత్రము ఎవ్వరును పూనుకొనరాదు. ఆ ఆవిరి అంటుకొనినచో రెండుగదుల యింట పారిపోవుటకు చోటుండదు.

చట్టమునుగూర్చియు అడిగిరి. అమెరికాలో వయస్సువచ్చిన వ్యక్తి ఒక్కడున్న ఇంట ఏడాదికి 100 గ్యాలనులు, ఇద్దరో అంతకెక్కువమందియో యున్న ఇంట 200 గ్యాలనులవరకు స్వంతవాడుకకు వైను పన్నులేకయే చేసికొనవచ్చును, అమ్మరాదు. 1920 మొదలు 1933 వరకు ఆ దేశమంతటను మద్యనిషేధముండెను. ఆ కాలమున ఎండించి గట్టిపరచిన ద్రాక్షరసపు ఇటుకలను అమ్ముచు, వీనిని నీట కలిపి కొన్నిదినములు నిలువయుంచరాదు, ఉంచినచో వైనగునని 'హెచ్చరిక' చేయుచుండిరట. హెచ్చరికయే వంటవిధానము! కాని మనదేశపు సంగతి వేరు. ఆంధ్రప్రదేశమునందును తెలంగాణమునందును లైసెన్సు లేక మత్తుపదార్థమును తయారుచేయుట 1968 నాటి ఎక్సైజు చట్టము ప్రకారము నేరము. అక్కడ నేర్చినవిద్యను సెలవులకు వచ్చి ఇక్కడ ప్రదర్శింపవలదని పిల్లలకు చెప్పవలెను. ఈ వ్యాసము చదివి విజయవాడలోనో హైదరాబాదులోనో కూజా కొనబోవు సోదరి యుండినచో, ఆమెకును ఇదే మాట.

ఇంతవరకు కూజా సంగతి. ఇక మీ మనస్సులోని సంగతి.

సారాయని విన్నంతనే తెలుగు స్త్రీకి ఒడలు మండుట నేను తప్పని యనను. నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలై 1992లో రాష్ట్రమంతట వ్యాపించిన ఉద్యమమును నడపినవారు చదువుసంధ్యలకు అప్పుడప్పుడే నోచుకొనుచున్న కూలి ఆడవారు. వారి పోరాటమువలననే 1993లో సారా నిషిద్ధమైనది, 1995లో సంపూర్ణ మద్యనిషేధమే వచ్చినది. అది సరిగా నిలువక 1997లో సడలినది. అది వేరు కథ. ఆ స్త్రీలు శాస్త్రములు చదివి పోరాడలేదు, ఇంటికి రాని కూలిడబ్బులను చూచి పోరాడిరి. కాని శాస్త్రమును వారిప్రక్కనే యున్నది. మద్యపానము క్యాన్సరునకు కారణమని 1988లోనే అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధనాసంస్థ తేల్చినది. స్త్రీలలో రొమ్ము క్యాన్సరునకు అది యొక హేతువు. ఇంత త్రాగినచో బాధలేదని చెప్పదగిన పరిమాణమేదియు లేదని 2023 జనవరిలో ప్రపంచ ఆరోగ్యసంస్థవారు ప్రకటించిరి. ఇంటిలో చేసిన వైనుగదా, స్వచ్ఛమైనదిగదా యని మా అల్లుడనుచుండును. స్వచ్ఛమే, మద్యసారముకూడ స్వచ్ఛమే. గర్భవతులు దాని నొక్క చుక్కయైనను ముట్టరాదు.

అయినను, అమ్మా, మీ కోడలు మీకు అబద్ధము చెప్పలేదు. తలుపు మూసి, "ఏదో పచ్చడి అత్తయ్యా" యని యుండవచ్చును. అడిగినవెంటనే నిజము చెప్పినది. ఆ యింట అబద్ధము చెప్పినవారు, మన్నింపుడు, మీరును మీవారును. మేనమామ గుండెజబ్బుతో పోయెనని చెప్పితిరి. అప్పుడు పిల్లలు చిన్నవారు, ఊరిలో పరువు, నేనైనను అట్లే చెప్పియుందును. కాని ఈ విషయము ఇక దాచదగినది గాదు. త్రాగుడునకు బానిసయగు లక్షణము ఇంచుమించు సగమువరకు రక్తముతో వచ్చునని కవలపిల్లలను పరిశీలించిన వైద్యులు చెప్పుచున్నారు. తండ్రికి మధుమేహమున్నదని కొడుకునకు చెప్పకుందుమా? మీ అబ్బాయి వారమునకొక గ్లాసుతో నిలిచిపోవు స్వభావముగలవాడో, మేనమామ పోలికో అతనికే తెలియదు. మేనమామయెవడో తెలియనిదే అతడెట్లు జాగ్రత్తపడగలడు?

మీవారికి చెప్పకుండ ఈ పని చేయవలదు. ముందు ఆయనతో కూజామాట యెత్తక, తమ్మునిమాట యెత్తుడు. "పిల్లలకు నిజము చెప్పవలసిన వయస్సు వచ్చినది" అని మొదలుపెట్టుడు. ఆయన నొచ్చుకొనవచ్చును, ఒకటి రెండు దినములు భోజనము దగ్గర మాటలాడకపోవచ్చును. ఆ తరువాత కొడుకునకు ఉత్తరము వ్రాయుడు. ఫోనులో వలదు, ఫోనులో మీరు ఏడ్తురు, అతడు సముదాయించును, అసలుమాట జరుగదు. మీ తమ్ముడు ఎట్టివాడో, ఎంత చక్కగా పాడెడివాడో, లేక చదివెడివాడో, మీ కేది జ్ఞాపకమున్నదో అదికూడ వ్రాయుడు. త్రాగుబోతని యొక్క మాటలో తేల్చివేసినచో పిల్లలు దానిని బెదిరింపనుకొందురు. మొదట ఎప్పుడు త్రాగెనో, ఎవరికి తెలిసెనో, ఎవరేమి చేయలేకపోయిరో వ్రాయుడు. ఉత్తరము కోడలిపేర కూడ నుండవలెను.

కూజాను పారబోయుమని అందులో వ్రాయవలదు. అది వారి యిల్లు, వారి నిర్ణయము. చివర నొక పంక్తి మాత్రము చేర్చుడు: నిండిన గాజుకూజా అయిదుకిలోలు దాటును, మూడేండ్లవాడు లాగినచో కాలిమీద పడును, కనుక బట్టల అర అడుగునుండి తీసి, వాని చేతికందని గట్టి బల్లమీద, వెలుతురు తగులకుండ గుడ్డ చుట్టి పెట్టుమని. ఆ పంక్తిని మీ అబ్బాయి తప్పక పాటించును.

తక్కిన యుత్తరములకు జవాబులు వచ్చు నెలలో.